ఉయ్యూరులో టాక్సీ దిగని పిల్ల

పసిపిల్ల ఏడుస్తుంటే మీరెప్పుడైనా పకపకా నవ్వారా? ఇవాళ మేం నవ్వాం. తమ్ముడి కుటుంబంతో కలిసి టాక్సీలో భవానీపురం నుంచి బందరు బయల్దేరాం. కంకిపాడు దాటాక, అల్లరి చేస్తోందని తమ్ముడు తన అయిదేళ్ళ కూతుర్ని రోడ్డు మీద దింపేసి, బండి కొంత దూరం పోనిమ్మన్నాడు. పిల్ల దుమ్ములో కేకలు పెడుతూ వెంటపడింది. ఒళ్ళో బైబిలు పెట్టుకుని నేనూ నవ్వాను.

ఉయ్యూరులో టిఫినుకు ఆగితే పిల్ల దిగనంది.

"ఒంటికెళ్ళొద్దువు గానీ, దిగవే!" అన్నాడు తమ్ముడు.

"నేను దిగితే మీరెళ్ళిపోతారుగా, నాన్నా."

కాసేపటికి సీటు తడిసింది. తమ్ముడు దాని చెంప పగలగొట్టాడు. నేను ఆపలేదు.

ఇలాంటి పసివాళ్ళను బాధపెట్టేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో పడేయడమే మేలన్నాడు ప్రభువు. బందరులో సముద్రం దగ్గరే. మీరేమంటారో తర్వాత చెబుదురు గానీ, ఆదివారం దాకా ఆగకండి. ఇప్పుడే లేచి వెళ్ళి, మీరు బెదిరించిన బిడ్డ కాళ్ళు పట్టుకోండి.