గీత అంటే పడని బాబాయి

గీతల బాబాయికి గీత అంటే పడదు. నుదుటి మీది గీత ఎలా ఉన్నా ఆయనకు పట్టింపు లేదు గానీ, ఇనుప ముక్క మీద వెంట్రుకలో పదోవంతు గీత కనిపించిందా, ఆ పూట అన్నం సహించదు.

ఫ్యాక్టరీ లేబొరేటరీలో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. విరిగిన యంత్రభాగం నుంచి చిన్న ముక్క కోసి, నల్లటి ప్లాస్టిక్ బిళ్లలో బిగించి, తడి ఎమరీ కాగితం మీద అద్దంలా మెరిసేదాకా రుద్ది మైక్రోస్కోపు కిందికి పంపాలి. గరుకు కాగితం మొదట, నున్ననిది చివర. కాగితం మార్చినప్పుడల్లా ముక్కను పావు చుట్టు తిప్పితే కొత్త గీతలు పాత గీతలను అడ్డంగా చెరిపేస్తాయి. ఆఖరున తిరిగే గుడ్డచక్రం మీద మెరుగు. ఇంకెవరైనా గంటలో తేల్చే పని ఇది. బాబాయి చేతిలో పడితే ఎండ ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి మారాల్సిందే. అంతా అయిపోయి, అందరూ ఊపిరి పీల్చుకునే సమయానికి ఆయన బిళ్లను వెలుగులో వంచి చూసి, నెమ్మదిగా అంటాడు, "ఇంకోసారి."

కాగితానికీ కాగితానికీ మధ్య మోచేతులదాకా కడుక్కుంటాడు. గరుకు రవ్వ ఒక్కటి అంటుకుని వచ్చినా కొంప మునుగుతుందట. ఒకసారి మేనేజరు గారు ఆప్యాయంగా చెయ్యి చాపితే బాబాయి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఏమనుకోకండి సార్. తమరు ఇప్పుడే గ్రైండింగ్ షెడ్డులోంచి వచ్చారు."

ఇంట్లోనూ ఇదే వరస. లేబొరేటరీ అంతా పిన్ని అని పిలిచే ఆయన భార్య, ఇన్‌చార్జి మేడమ్‌తో ఓసారి మొరపెట్టుకుంది.

"గిన్నె ఒకవైపుకే తోమాలట. తర్వాత పావు చుట్టు తిప్పి మళ్లీ తోమాలట. పది గిన్నెలయ్యేసరికి నాకు కళ్లు తిరుగుతున్నాయమ్మా."

"మానెయ్యండి పిన్నీ."

"మానేశాను. ఇప్పుడు ఆయనే తోముతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కావాల్సిన ప్లేట్లు సాయంత్రం వస్తున్నాయి."

కళ్లజోళ్ల దుకాణం వాడైతే బాబాయి వీధి మలుపు తిరగడం చూడగానే షట్టరు సగం దించేస్తాడు. ఒకే జత అద్దాలను మూడుసార్లు మార్చిన అనుభవం వాడిది.

మేడమ్ హోదాలో ఆయనకు పై అధికారి, వయసులో కూతురి లాంటిది. అయినా ఎవరు ఎవరికి భయపడతారంటే, ఆమే ఆయనకు.

ఒక సోమవారం పొద్దున్న క్రేను ఇరుసు విరిగింది. అదృష్టవశాత్తూ కింద ఎవరూ లేరు. ఆ ఇరుసును కాల్చి గట్టిపరిచింది ఫర్నేసు ఆపరేటరు. ఇరవై ఏళ్లుగా అదే మంట ముందు నిలబడ్డ మనిషి. తొందరపడి చల్లార్చి పగులు తెప్పించి ఉంటాడని మేనేజరు తీర్మానించేశాడు. భోజనాల వేళకు రిపోర్టు చేతికొస్తే, సాయంత్రానికి ఆపరేటరును ఇంటికి పంపుతానన్నాడు.

పన్నెండు గంటలకు, బాబాయి రుద్ది ఇచ్చిన ఇరుసు ముక్కను మేడమ్ మైక్రోస్కోపులో చూసింది. వంకరగా ఒక నల్లటి గీత, చుట్టూ గుంటలు.

"పగులే బాబాయ్. పాపం, ఫర్నేసు ఆయన పని అయిపోయింది."

బాబాయి ఆమెను పక్కకు జరగమని తాను చూశాడు. చాలాసేపు చూశాడు.

"పగులు కాదు మేడమ్. నా గీత. గరుకు రవ్వ ఒకటి వచ్చి పడింది. ఆ గుంటలు కూడా నమ్మదగినవి కావు. నేను చెయ్యి బరువుగా వేశాను. ఇంకోసారి."

మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. "ముప్పై ఏళ్ల అనుభవం ఉండి గీత పెట్టావా?"

"పెట్టాను సార్. రాసుకోండి. కానీ ముక్క ఇవ్వను."

"లంచ్ అయ్యేసరికి నాకు రిపోర్టు కావాలి."

"గంటలో ఇస్తే అబద్ధం ఇస్తాను సార్. రేపు ఇస్తే నిజం ఇస్తాను. ఏది కావాలో తమరే చెప్పండి."

మేనేజరు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ మైక్రోస్కోపు దీపం ఆర్పేసింది.

"రేపు ఇస్తాం సార్. సంతకం పెట్టాల్సింది నేను."

బాబాయి మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాడు. రుద్దాడు, కడిగాడు, తిప్పాడు. చక్రం మీద పసిపిల్ల బుగ్గను తాకినట్టు తాకించాడు. మంగళవారం పొద్దున్న మేడమ్ చూసేసరికి వంకర గీత మాయమైంది. గుంటలున్న చోట బూడిదరంగు పోగులు, ఒకే దిక్కుకు సాగి, వరసగా పడుకుని ఉన్నాయి.

"మడ్డి," అంది మేడమ్. "ఉక్కు కరిగించిన చోటే కలిసిపోయిన మడ్డి. నిన్న ఇది ఊడిపోయి గుంటల్లా కనిపించింది."

బాబాయి జేబులోంచి ఇంకో బిళ్ల తీశాడు. అదే సరుకులో, ఫర్నేసు మొహం చూడని కడ్డీ నుంచి కోసిన ముక్క. అందులోనూ అవే పోగులు. తప్పు ఫర్నేసుది కాదు, సరుకుది. మేడమ్ సంతకం పెట్టింది. మేనేజరు రెండు బిళ్లలనూ తానే కన్ను పెట్టి చూసి, ఆ సరుకంతా వెనక్కి పంపమని చెప్పి, ఆపరేటరును పిలిచి పనిలోకి వెళ్లమన్నాడు.

ఆ మధ్యాహ్నం బిళ్లలను బీరువాలో దాస్తూ మేడమ్ ఒకదాన్ని యథాలాపంగా తిరగేసింది. నంబరు కింద సూదితో గీకిన చిన్న అక్షరాలున్నాయి. 'ఫర్నేసు అన్న. ముగ్గురు పిల్లలు. నెమ్మదిగా చెయ్యి.'

ఆమె ఇంకో సొరుగు లాగింది. 'వెల్డరు. తల్లికి ఆపరేషన్. తొందరపడకు.' ఇంకోటి. 'లేత్ మీది ముసలాయన. ఏడాదిలో రిటైరు.' ముప్పై ఏళ్ల బిళ్లలు. ప్రతి దాని వీపు మీదా, రిపోర్టు తేడా వస్తే నష్టపోయే మనిషి ఎవరో రాసి ఉంది. గీతంటే గిట్టనివాడు కావాలని పెట్టిన గీతలు అవి.

అడుగు సొరుగులో ఒకటి ఆమె ఉద్యోగంలో చేరిన వారం నాటిది. 'కొత్త మేడమ్. మొదటి రిపోర్టు. భయపడుతోంది.'

ఆమె ఆ బిళ్ల పట్టుకుని బాబాయి బల్ల దగ్గరకు వెళ్లింది.

"నేను భయపడ్డానని మీకెవరు చెప్పారు బాబాయ్?"

బాబాయి ఇబ్బందిగా చక్రం ఆపాడు.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. ఆ రోజు తమరు మైక్రోస్కోపు దీపం వెయ్యకుండా పావుగంట చూశారు. చూసి, ఉక్కు చాలా నల్లగా ఉందని రాసుకున్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"తమరు నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు నేనే వేశాను. తిరిగొచ్చి చూసి, ఇప్పుడు బాగుంది అన్నారు."