బొమ్మ కింద రాసిన మాటలు

మా సైన్సు సారు పోయినారని మొన్న పొద్దున తిరుపతి నుంచి ఫోనొచ్చింది. శ్రీకాళహస్తి దగ్గర ఒక బడిలో ఆయన పక్క తరగతిలో నేను తెలుగు చెప్పేదాన్ని. ఆ రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

రెండు వేల తొలి ఏళ్లలో మా బడికి కంప్యూటర్లు, పాఠాల సీడీలు వచ్చినాయి. తెరమీద గుండె కొట్టుకునేది, రక్తం ఎర్రగా పారేది. వెనక ఎవరిదో గొంతు గబగబా చెప్పుకుపోయేది. మేమంతా నోరు తెరుచుకుని తెరను చూస్తుంటే, సారు దానికి వీపు పెట్టి పిల్లల వైపు తిరిగి నిలబడేవారు. ఎందుకని అడిగినాను.

"మిషను ఎంత మంచిదైనా, బిడ్డ మొగం జూడాల్సింది మనమే గదమ్మా" అన్నారు.

అట్లా చూస్తేనే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆయన కంట పడింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయినాయి. చదవడం వచ్చు. కానీ పాఠం నడిచేటప్పుడు, పక్కవాళ్లు నవ్వితే తానూ నవ్వేది, అంతే.

సారు ఆ పాఠాన్ని మళ్లీ మొదటినుంచి తయారుచేసినారు. గొంతు ఆయనదే, మాట మన ఊరి మాట. ప్రతి బొమ్మ కిందా చిన్న చిన్న వాక్యాలు. ధమని అంటే ఏం రాద్దామని నన్నడిగి, నేను చెప్పిందాన్ని కొట్టేసి, 'గుండె నుంచి రక్తం బయటికి పోయే దోవ' అని రాసుకున్నారు.

అది పూర్తయ్యేలోపే ఆ పిల్ల నాయన వచ్చినాడు. కలంకారీ అద్దకం పని ఆయనది. వినపడని బిడ్డకు బడెందుకు, గుడ్డలకు రంగులు నింపే పనిలో పెడతానన్నాడు. సారు వాదించలేదు.

"రేపు ఒక్కతూరి వచ్చి సూడప్పా. ఆ పైన నీ ఇష్టం."

ఆ రాత్రే కూర్చుని సారు మిగిలిన పాఠం పూర్తిచేసినారు. మరుసటి రోజు ఆ పిల్ల నాయన చెప్పులు బయట విడిచి, గోడకానుకుని నిలబడినాడు. పాఠం మొదలైంది. ఆ పిల్ల తెర కింది మాటలు చదువుకుంటా ఉండి, ఉన్నట్టుండి లేచి, నాయన చెయ్యి తీసి ఆయన రొమ్ముమీదే పెట్టింది. ఇంకో చేత్తో తెరమీద రక్తం పోయే దోవ చూపించింది. ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"సదవనీ సార్" అన్నాడు చివరికి.

ఆమె పది పాసై, టీచరు ట్రైనింగు చేసి, ఇప్పుడు తిరుపతిలో చెవిటి పిల్లల బడిలో పాఠాలు చెబుతోంది. రిటైరయినాక సారు అప్పుడప్పుడు ఆ తరగతికి పోయి వెనక బెంచీలో కూర్చునేవారు. పోయినేడు నేనూ వెంట పోయినాను. ఒక చిన్నపిల్ల ఆయనకు చేతులతో 'వాన' అని చెప్పడం నేర్పిస్తోంది. ఆయన వేళ్లు సరిగా కదలడం లేదు. ఆ పిల్ల విసుక్కోకుండా ఒక్కొక్క వేలే పట్టుకుని వదులు చేస్తా ఉంటే, సారు ఆమె మొగమే చూస్తా కూర్చున్నారు.