గాలం కర్రకు దండం

ఇప్పుడు చెబితే మా ఇంట్లో మనవళ్లు కూడా నవ్వేస్తున్నారు గానీ, నా ఇరవయ్యో ఏట ఒక పెద్దాయన తలపాగా తీసి చంకన పెట్టుకుని, నాకు చేతులెత్తి దండం పెట్టాడు. నాకంటే నాకు కాదు, నా చేతిలో ఉన్న కర్రకు. ఆ కర్రతో నేను చేస్తున్న ఘనకార్యం చేపలు పట్టడం. అనంతపురం జిల్లాలో చేపలు పట్టడమేమిటని మీకు అనుమానం రావచ్చు. మా ఊరివాళ్లకూ వచ్చింది. ఆ రోజుల్లో మాకు చేప అంటే ఎండుచేపే. సంతలో గోనెపట్టా మీద కుప్పపోసి అమ్మేవాళ్లు. అది ఒకప్పుడు నీళ్లలో ఈదిందని బడిలో అయ్యవారు చెప్పారు కాబట్టి నమ్మాం గానీ, మా కళ్లకు మాత్రం అది పుట్టడమే ఎండి పుట్టినట్టు కనిపించేది. మా వైపు పుట్టిన చాలా వాటి సంగతి అంతే కదా మరి.

నేను డిగ్రీలో ఒక్క లెక్కల పరీక్ష తప్పి ఇంటికొచ్చిన సంవత్సరం అది. వానలు కూడా ఆ ఏడే తప్పాయి. రెండింటిలో దేనికి ఎక్కువ బాధపడాలో తెలియక మా నాయన నాతో మాట్లాడడం మానేసి, నాకు వినబడేలా ఎద్దుతో మాట్లాడేవాడు. "నువ్వే మేలప్పా, తిన్నెదానికి దున్నుతాండావు" అనేవాడు దాని మెడ నిమురుతూ. (ఆ ఎద్దు నావైపు చూసే చూపులో కూడా కాస్త గర్వం కనిపించేది.) అమ్మ సంగటి ముద్ద పెట్టేది గానీ, ముద్ద కంటే నిట్టూర్పే పెద్దదిగా ఉండేది. ఆ రోజుల్లో నన్ను మనిషిగా చూసినవాడు ఒక్కడే. గార్లదిన్నెలో సైకిళ్లు బాగుచేసే సాయిబు. ఊరంతా ఆయన్ని పంచర్ మామ అని పిలిచేది. ఆయన వయసులో ఉన్నప్పుడు తుంగభద్ర డ్యామ్ దగ్గర పనిచేసి, అక్కడ చేపల పిచ్చి అంటించుకుని వచ్చాడు. మా ఊరికి నాలుగు మైళ్ల దూరంలో తుంగభద్ర కాలువ పోతుంది. మా పొలాలు మెట్టన ఉన్నాయి కాబట్టి అందులో చుక్క కూడా మాది కాదు. "నీళ్లు మనయి గాకుంటే ఏమి అల్లుడా, చేపలు మనయే" అన్నాడు మామ ఒకరోజు ట్యూబుకు ముక్క అతికిస్తూ. నాకు ఆ న్యాయం చాలా నచ్చింది.

గాలం కర్ర మామే తయారుచేసి ఇచ్చాడు. నిలువున్నర పొడవు సన్నటి వెదురు కర్ర, కొస పట్టుకుంటే పాములా ఊగేది. దారం మాత్రం రాజాగారికి తగినది. ధర్మవరంలో మగ్గం నేసే మామ బంధువుల ఇంట్లో మిగిలిపోయిన పట్టుపోగులు పేనింది. "పెండ్లికూతురు చీర దారమప్పా ఇది, మర్యాదగా పట్టుకో" అని చేతికిచ్చాడు. తేలడానికి బెండు ముక్క, మునగడానికి రవ్వంత సీసం, అన్నీ కుదిరాయి. కుదరనిది ఒక్కటే. కాలువలో ఉండే జెల్ల చేపలకు వానపాములంటేనే ఇష్టం. నేను సంగటి ఉండలు చేసి వేశాను. అవి వాసన చూసి, మా ఇంట్లో నన్ను చూసినట్టే చూసి, వెళ్లిపోయాయి. వానపాము అనే పేరులోనే వాన ఉంది, వాన లేని ఏడు అది ఎక్కడ దొరుకుతుంది? "చేపలకు కరువు ల్యా అల్లుడా, వానపాములకే కరువు" అన్నాడు మామ.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఊళ్లో తడి ఉండే చోటు ఏదన్నా ఉంటే అది ఇళ్ల వెనక, స్నానాల నీళ్లు పోయే చోటే. తెల్లవారగానే బొరిగె (కలుపు తీసే చిన్న పనిముట్టు) పట్టుకుని ఇళ్ల వెనక తవ్వడం మొదలుపెట్టాను. మొదటి రోజు మా ఇంటి వెనక, రెండో రోజు పెద్దమ్మ ఇంటి వెనక, మూడో రోజు కరణం గారి ఇంటి వెనక. మూడో రోజు కరణం గారి భార్య గోడ మీద నుంచి తొంగిచూసి, "ఎవురది? మా ఇంటెనక నీకేం పని రా?" అని అరిచింది. "వానపాములకు పెద్దమ్మా" అన్నాను వినయంగా. సాయంత్రానికి మా నాయన ఎద్దును వదిలేసి నేరుగా నాతోనే మాట్లాడాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. మొత్తమ్మీద ఇక ఊళ్లో ఎక్కడా బొరిగె ఆనించకూడదని తీర్పయింది.

అందుకని మర్నాడు కర్ర భుజాన వేసుకుని, దారి పొడవునా తల వంచుకుని, నేలమీద ఎక్కడన్నా పచ్చగా కనిపిస్తుందేమోనని వెతుక్కుంటూ కాలువ వైపు నడిచాను. కాలువకు ఇంకా మైలు దూరం ఉందనగా ఒక చీనీ (బత్తాయి) తోట వచ్చింది. తోట అనడం మర్యాదకే, నిజానికి పాతిక చీనీ మొక్కలు, సగం ఆకులు రాలి నిలబడి ఉన్నాయి. దాని కిందివైపు వంక గట్టు పక్కన కొంచెం గరిక కనిపించింది. అటు తిరిగేసరికి వెనక వేలాడుతున్న గాలం పోయి ఆ గరికలో తగులుకుంది. కర్ర లాగాను, కొస సర్రున నేలకు వంగింది. వదిలాను, లేచింది. మళ్లీ లాగితే మళ్లీ అక్కడికే వంగింది. ముచ్చటగా మూడోసారి కూడా వంగాక, విసుక్కుంటూ వెళ్లి గాలం విడిపించుకున్నాను. చేతికి మట్టి చల్లగా తగిలింది. బొరిగెతో తవ్వితే మోచేతి లోతులో ఎర్రగా, నిగనిగలాడుతూ వానపాము! ఒకటి కాదు, పన్నెండు దొరికాయి. నాకు పట్టలేని సంతోషం వచ్చి అక్కడే రెండు గంతులు వేశాను.

తలెత్తి చూస్తే ఎదురుగా ముసలాయన. తలపాగా తీసి చంకలో పెట్టుకుని దండం పెడుతున్నాడు. ఎండలో ఆయనకు పట్టుదారం కనబడలేదు. కనబడిందల్లా తల వంచుకుని నేలను వెతుక్కుంటూ వచ్చిన మనిషి, ఒకే చోట మూడుసార్లు వంగిన కర్ర. మా వైపు కర్ర పట్టుకుని నేల చూస్తూ నడిచేవాడు ఒకడే ఉంటాడు. బావికి జాడ చెప్పేవాడు, అంటే నీళ్లు చూసేవాడు.

"సామీ, ఎంత లోతులో ఉండాది?" అన్నాడు ముసలాయన.

అప్పుడే చెప్పెయ్యవలసింది, తాతా నేను నీళ్లు చూసేవాణ్ని కాదు, లెక్కలు తప్పినవాణ్ని అని. నోరు తెరిచాను కూడా. కానీ ఆయన అప్పటికే నా చెయ్యి పట్టుకుని గుడిసె ముందు నులకమంచం మీద కూర్చోబెట్టి, "ఓమే, మజ్జిగ తే, సామి ఎండన బడి వచ్చినాడు" అని కేకవేశాడు. ఆరు నెలలుగా నన్ను ఎవరూ కూర్చోమనలేదండీ. అవ్వ చెంబునిండా మజ్జిగ, సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. తింటుంటే తాత తన కథ చెప్పాడు. ఆయన్ని ఆ చుట్టుపక్కల రెండు బావుల తాత అంటారట. రెండు బావులు తవ్వించాడు, రెండూ ఎండినవే. మొదటి బావికి అవ్వ చేతి కడియాలు పోయాయి, రెండో బావికి మెడలో గుండ్లు పోయాయి. ఇక మిగిలింది చెవులకున్న కమ్మలు. "ఈపారి నీళ్లు పడకుంటే ఈ చెట్లు కొట్టేసి బెంగుళూరుకు కూలికి పోతాం సామీ. నీ కర్ర ఆడనే మూడుమాట్లు వంగె, నా కండ్లతో జూస్తి" అన్నాడు. "అది... తాతా..." అన్నాను. "ఇంగా రోంత ఎయ్యనా నాయనా?" అంది అవ్వ. వేయించుకున్నాను. మనిషికి సిగ్గు కంటే ఆకలీ, ఆకలి కంటే మర్యాదా రుచిగా ఉంటాయని ఆరోజు తెలిసింది.

ఆ సాయంత్రం నా జీవితంలో మొదటి చేపను పట్టాను. మూరెడు జెల్ల. ఎగిరి గంతెయ్యవలసిన సమయంలో, దాని మీసాలు చూస్తుంటే ఎందుకో తాత గుర్తొచ్చాడు. దాన్ని తీసుకుని నేరుగా మామ అంగడికి పోయి సంగతంతా చెప్పాను, ఆయన నవ్వుతాడనుకుని. మామ నవ్వలేదు. చేతిలో ఉన్న ట్యూబు కింద పెట్టాడు.

"చేపను మోసం జెయ్యొచ్చు అల్లుడా, అది మన ఆట. సేద్యగాన్ని మోసం జేస్తే అల్లా గూడా మాఫ్ జెయ్యడు. ఆ యమ్మ కమ్మలు అమ్మకముందే పోయి నిజం జెప్పు."

చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. (మొదటిరోజు తలనొప్పి, రెండోరోజు కడుపునొప్పి. మూడోరోజు ఏ నొప్పీ దొరకలేదు.) వెళ్లేసరికి తాత భుజాన కండువాతో సంతకు బయలుదేరి ఉన్నాడు. అవ్వ గడపలో కూర్చుని చెవి కమ్మలు తీస్తోంది. కర్ర కిందపడేసి, గాలం, పట్టుదారం, సీసం, అన్నీ వాళ్ల ముందు పెట్టి, గరికలో గాలం చిక్కుకున్న సంగతి మొదలు లెక్కల పరీక్ష దాకా (అది ఎందుకు చెప్పానో నాకిప్పటికీ తెలియదు) ఒక్క గుక్కలో చెప్పేశాను. తాత తిట్టినా బాగుండేది. మెల్లగా కండువా తీసి దండెం మీద వేశాడు. మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. "అయితే మునిగిపాయ" అన్నాడు.

అవ్వ మాత్రం తీసిన కమ్మ అరచేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది.

"మరి ఆడ బొరిగెతో యాల దవ్వితివి?" అంది.

"వానపాములకవ్వా."

"దొరికెనా?"

"పన్నెండు దొరికినాయవ్వా."

"ఎంత లోతున?"

"మోచేతి లోతున."

అవ్వ తాతవైపు తిరిగింది. "ఇన్యావా? రెండు బావులు దవ్వితిమి, ఇన్ని మట్ల లోతుకు పోతిమి, ఒగ వానపామన్నా జూస్తిమా మనం? ఇంత ఎండకు అవి ఆడ బతికుండాయంటే వాటికి యాడనుంచో తడి వస్తాండాది. ఈ పిల్లోనికి తెల్దు, వాని కర్రకు తెల్దు, వానపాములకు తెల్సు. లెయ్" అని రెండో కమ్మ కూడా తీసి ఆయన చేతిలో పెట్టింది. తరువాత పక్కన ఉన్న చీపురులోంచి రెండు పుల్లలు విరిచి, రంధ్రాలు పూడిపోకుండా చెవులకు పెట్టుకుంది. నావైపు చూసి, "నువ్వు పాపం చేసినావు గదా, నువ్వు గూడా మట్టి మొయ్యి" అంది.

మోశాను. నెలరోజులు. మా నాయనకు సంగతి తెలిసి, మొదటిసారి ఎద్దు ముందు నన్ను మెచ్చుకున్నాడు. పొద్దున్నే వెళ్లి, పనివాళ్లతో పాటు గంపలెత్తి, అరచేతులు బొబ్బలెక్కి ఇంటికొచ్చేవాణ్ని. ఒక మట్టు (నిలువెత్తు లోతు) తవ్వాక రాయి తగిలి రెండు రోజులు పని ఆగింది. ఆ రెండు రోజులూ నేను తిండి తినలేదు. ఎప్పుడు తలెత్తినా అవ్వ చెవుల్లో ఆ చీపురుపుల్లలే కనిపించేవి, చూడలేక తల దించుకునేవాణ్ని. రాయి పక్కకు తవ్వుకుంటూ పోతే మూడో వారంలో ఒక మధ్యాహ్నం అడుగున మట్టి ముద్దయింది. సాయంత్రానికి చీలమండల లోతు నీళ్లు ఊరాయి. తాత బావిలోకి దిగి ఆ బురదనీళ్లు దోసిట్లో పట్టుకుని, తాగాలో నెత్తిన పోసుకోవాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు. అవ్వ పైనుంచి, "తాగేదానికి గాదు, చెట్లకు" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఎవరో ఇంజనీరు తరువాత వచ్చి చూసి, అది కాలువ ఊట అన్నాడట. అవ్వ ఒప్పుకోలేదు. నాకు మాత్రం వద్దన్నా పేరొచ్చింది. బత్తలపల్లె నుంచి కూడా బండి కట్టుకుని మా ఇంటికొచ్చి, కర్ర పట్టుకుని ఒక్కసారి పొలం తొక్కమని అడిగారు. నాకేమీ తెలియదు మహాప్రభో అంటే, "తెలిసినోళ్లు ఎప్పుడూ అట్లే అంటారు" అని ఇంకా వంగి దండం పెట్టేవాళ్లు. చివరికి ఆ బాధ పడలేక కర్రను మామకు తిరిగి ఇచ్చేశాను. ఆ ఖాళీలో లెక్కలు చదివి, పరీక్ష గట్టెక్కి, ఉద్యోగం వచ్చి ఊరు వదిలాను. నాలుగైదేళ్ల తరువాత ఒకసారి ఆ తోటకు వెళితే చీనీచెట్లు నిండుగా కాసి ఉన్నాయి. ఆయన్ని ఇప్పుడు మూడు బావుల తాత అంటున్నారట. అవ్వ గుడిసెలోంచి వచ్చింది. చెవులకు కమ్మలున్నాయి. పాతవాటికంటే కాస్త పెద్దవే. లెక్కల్లో పాసైన రోజు కూడా నాకు అంత తృప్తి కలగలేదు. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. మామా లేడు.

మొన్న అనంతపురంలో మా ఇంటి మేడమీద కుండీలో మొక్క మారుద్దామని మట్టి గుల్ల చేస్తుంటే ఒక వానపాము బయటికి వచ్చింది. మోకాళ్లు సహకరించకపోయినా అక్కడే కూలబడి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. నాకు తెలియకుండానే, "ఎంత లోతులో ఉండాది సామీ?" అని అడిగాను. మా ఆవిడ బట్టలు ఆరేస్తున్నదల్లా ఆగి నన్ను ఎగాదిగా చూసింది. ఇరవయ్యేళ్లవాడైతే దాన్ని డబ్బాలో వేసుకుని కాలువకు పరుగెత్తేవాడు. నేను దాన్ని మళ్లీ కుండీలో పెట్టి, మట్టి కప్పి, చెంబుడు నీళ్లు పోశాను. లేవడానికి ఆవిడ చెయ్యి అందుకోవలసి వచ్చింది.