దేనితోనూ పోని నంబరు

కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, వర్షాలు మొదలవుతుండగా నన్ను అరకులోయ విలేకరిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. ఏ ఆఫీసు ఎక్కడికి మారిందో, దేనికి ఎవరికి ఫోన్ చేయాలో అప్పటికి ఏజెన్సీలో చాలామందికి తెలియదు.

హుకుంపేటలో దానియేలు అనే లెక్కల మాస్టారు ఉండేవారు. తన పది అంకెల సెల్ నంబరు ప్రధాన సంఖ్య అని ఆయన కనిపెట్టారు. అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ అది శేషం లేకుండా పోదు. అంత పెద్ద సంఖ్య విషయంలో ఈ సంగతి తేలాలంటే లక్షలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి తొమ్మిది వేల పైచిలుకు. మాస్టారు వేసవి సెలవులన్నీ కాలిక్యులేటరుతో ఆ పనే చేశారు.

ఆయన ముచ్చటపడితే, నంబరుతో సహా నాలుగు వాక్యాలు రాసి విశాఖ డెస్కుకు పంపాను. వార్తల్ని సరిచేసి పేజీలో పెట్టే విభాగాన్ని డెస్క్ అంటాం. అక్కడి సబ్ ఎడిటర్‌కు ప్రధాన సంఖ్య అంటే ముఖ్యమైన నంబరని తోచింది. లెక్కల సంగతంతా కొట్టేసి, మిగిలినదానికి బాక్సు కట్టి, ‘ఏజెన్సీ ప్రధాన నంబరు ఇదే’ అని శీర్షిక పెట్టాడు.

తెల్లారగానే మాస్టారికి ఫోన్లు మొదలయ్యాయి. నేను వాళ్లింటికి వెళ్లేసరికి పెదబయలు నుంచి ఒకావిడ స్పీకర్లో మాట్లాడుతోంది.

“బాబూ, పెదాన నంబరేనా? మా ఊర్లో కరెంటు పోయింది.”

“ప్రధాన సంఖ్యేనమ్మా. ఇది దేనితోనూ పోదు.”

“పోదంతావేటి? గాలేత్తే సాలు, పోతాది.”

మర్నాడు డెస్క్ సవరణ వేసింది. ఇది ఏ ఆఫీసు నంబరూ కాదని రాసి, ఏది కాదో పాఠకులకు స్పష్టంగా తెలియాలని నంబరును ఈసారి పెద్ద అక్షరాల్లో ఇచ్చింది. ఫోన్లు రెట్టింపయ్యాయి.

మాస్టారి భార్య మేరమ్మ కొత్త సిమ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాని అంకెలు కూడి, వెనక్కి తోసేశారు.

“ఇది మూడుతో పోతాదే.”

“పోతే పోనీండి. నోట్లో ముద్ద ఎట్టుకోనీదు ఆ ఫోను. ఆదోరం లోగా ఆగకపోతే మీ సిమ్ము అట్టుకెళ్లి గెడ్డలో పారేత్తాను.”

ఆ వాగు ఇంటి పక్కనే; ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఇక ఫోన్ చేసిన ప్రతివారికీ అది ప్రధాన సంఖ్య ఎలా అయిందో మాస్టారు వివరించడం మొదలుపెట్టారు. “ముందు రెండుతో చూద్దాం” అని ఆరంభించేవారు. చాలామంది ఏడు దాటేవారు కాదు. ఒకాయన మాత్రం పదిహేడు దాకా వచ్చి, “బాబూ, ఇంకెప్పుడూ ఫోన్ సెయ్యను, నన్నొగ్గీయండి” అని బతిమాలుకున్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోను మోగడం ఆగింది. సిమ్ము గెడ్డ పాలు కాలేదు.

ఒక మాటకు రెండర్థాలుంటే డెస్కుకు చేరేది రెండోదేనని ఈ ఉదంతం వల్ల తెలుసుకున్నాను. ఫిర్యాదులు తగ్గాలంటే అడిగినవారికి పూర్తి సమాధానం చెప్పాలని కూడా.