అమృతపాణి వేళ్ళ వెంట రాజమండ్రికి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా పాలకొల్లు అమృతపాణి తోటకు తెగులు తగిలింది. ఆకులు పసుపెక్కి, బోదెలు చీలి, అరటిచెట్లు గెల వేయకుండానే వాలిపోయాయి. తవ్వించి చేపల చెరువు చేద్దామని పొక్లెయిన్ మాట్లాడేశాను. మా వదిన సుబ్బలక్ష్మి అడ్డం తిరిగింది. తోట నడుమ ఒక్క దుబ్బు పచ్చగా ఉంటే, దాని వేళ్ళు నాకు చెప్పకుండా రాజమండ్రి ప్రయోగశాలకు పంపింది. ఫలితం చూశాకే మిషను దిగాలంది.

ఫలితం ఇచ్చేరోజు పొద్దున్న ఆరున్నరకు ఇద్దరం ప్యాసింజరెక్కాం. నిడదవోలులో బండి మారాలి. వెళ్ళేవాళ్ళు అక్కడే ఇడ్లీ తినేయండి.

"ఏం పని మీదండి?" అన్నాడు ఎదుటి పెద్దాయన.

"మా మరిదిగారు నా చేతిలో ఓడిపోడానికండి," అంది వదిన.

పదిన్నరకు ప్రయోగశాల చేరాం. అక్కడి మేడం గాజుపళ్ళెం చూపించింది. ఒకవైపు తెగులు బూజు, మరోవైపు తెల్లటి గీత, మధ్య ఖాళీ.

"వేరు పైన శుభ్రంగా కడిగి, కోసి పెట్టామండి. ఆ గీత వేరు లోపల కాపురమున్న బాక్టీరియా. బూజును దగ్గరికి రానివ్వలేదు."

"అద్దెకు బదులు కాపలా అన్నమాట!" అంది వదిన.

"తోట బతుకుతుందాండి?" అన్నాను.

"జబ్బుపడ్డవి ఇక కోలుకోవండి. తీసేసి, కొత్త పిలకల్ని ఈ సీసాలో పెంచిన బాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి నాటండి. గ్యారంటీ మాత్రం ఇవ్వలేను."

గ్యారంటీ లేదన్నా ఆ ఖాళీ జాగా నా కళ్ళముందు నుంచి పోలేదు. ఎస్టీడీ బూత్‌లో దూరి, పొక్లెయిన్ ఆయనకు ఫోన్ చేసి, "మిషను వద్దండి," అన్నాను.

"వినపడలేదు మరిదిగారూ," అంది వదిన బయటినుంచి. మూడుసార్లు చెప్పించింది.

మూడింటి బండిలో సీసాకు కిటికీ సీటిచ్చింది. టిక్కెట్ల ఆయన వచ్చి, "ఎంతమందండి?" అన్నాడు.

"టిక్కెట్టుతో ఇద్దరం. సీసాలో కోట్లమంది, టిక్కెట్టు లేకుండానండి."

ఆయన సీసా ఎత్తి చూసి, చటుక్కున దించేశాడు. "కరుస్తాయాండి?"

"తెగులును మాత్రమేనండి."

తర్వాత నాటినవాటిలో కొన్ని పోయాయి, చాలావరకు గెలలేశాయి. ఆ సంగతి ఆవేళ మాకు తెలియదు. బండి వంతెన ఎక్కింది. పెట్టెలో అందరూ గోదావరికి దండం పెట్టుకుంటున్నారు. నేను మాత్రం కండువా విప్పి, కోట్లమందికి ఎండ తగలకుండా అడ్డం పట్టుకుని కూర్చున్నాను.