మా మామ పారించిన ఏరు

మా మేనమామ నాటకాలకు తెరలు రాసేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కమలాపురం చుట్టుపక్కల ఏ ఊళ్లో నాటకమాడినా రాజమహలైనా, అడవైనా ఆయన కుంచె నుంచి రావలసిందే. ఒక గీత గీసేవాడు, జనం కూర్చునే చోటంతా దాటి చివరిదాకా నడిచేవాడు, ఒక కన్ను మూసి చూసి తిరిగొచ్చేవాడు. ఎవరైనా నవ్వితే ఒకటే మాట: “కడాకు కూచున్నోడికి కనపడాలప్పా.”

ఒక ఎండాకాలం ఏటి తెర రాశాడు. నాటకం పెట్టించే రెడ్డి సాయంత్రమే వచ్చి, ముందువరస కుర్చీలో కూర్చుని మొహం చిట్లించాడు.

“ఏమప్పా, ఇది ఏరా? సున్నం ఒలకబోసినట్టుండాది. విప్పేయ్. కడప నుంచి బాడుగ తెర తెప్పిస్తా.”

“దగ్గర్నుంచి అట్లే ఉంటాది రెడ్డా. కడాకొచ్చి చూడు.”

“నా కుర్చీ యాడుంటాదో తెలీదా నీకు? నేను కడాకు పోవాల్నా?”

మామ తెర ముడి విప్పబోయాడు. అంతలో మైదానం చివర బండికి కట్టేసిన రెడ్డి ఎద్దులు పలుపులు తెంపుకుని పరుగెత్తుకొచ్చాయి. రెడ్డి లేచి తప్పుకున్నాడు గాని కుర్చీ పడిపోయింది. అవి నేరుగా తెరకు మూతులానించి నీళ్లు తాగబోయాయి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, నమ్మడం మీ ఇష్టం.

రెడ్డి దుమ్ము దులుపుకుని కడాకు నడిచాడు. ఎద్దులు కట్టేసిన చోట నిలబడి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

“ఉండనీ,” అన్నాడు.

మామ ముడి మళ్లీ బిగించి, ఎద్దులకు నిజం నీళ్లు పెట్టించాడు. రెడ్డి వాటి పక్కనే కుర్చీ వేయించుకుని నాటకమంతా చూశాడు. ఆయన చేత ముందువరస వదిలించినవాడు మా జిల్లా మొత్తంలో మా మామ ఒక్కడే.