భీమశంకరరావు ఇరవై ఎనిమిది రోజులు

రాజాంలో పాలకొండ రోడ్డు మీద పాత గోనెసంచుల కొట్టు ఎక్కడంటే ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. ఆ కొట్టు యజమాని భీమశంకరరావుకి బజారులో పెద్ద పేరే ఉంది. అది సంచుల వల్ల వచ్చిన పేరు కాదు. చేబదులు అడిగినవాడికి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా ఆయన లేదని చెప్పలేదు.

చేబదులంటే అప్పు కాదు. అప్పుకి కాగితం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, పక్కన ఒక సాక్షి ఉంటాడు. చేబదులుకి ఆ హంగులేవీ లేవు. పొద్దున్న తీసుకున్నది సాయంత్రానికి, సాయంత్రం తీసుకున్నది తెల్లారేసరికి తిరిగి రావాలి, అంతే. రైతుకి ఈ రోజు కట్టాలి, మిల్లు నుంచి రావలసింది రేపు వస్తుంది. మధ్యలో ఉన్న ఆ ఒక్క రాత్రిని దాటడానికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. పైకి ఎవరూ ఒప్పుకోరు గానీ బజారు సగం ఇలాగే నడుస్తుంది.

భీమశంకరరావుని నిలబెట్టింది కూడా ఒక చేబదులే. ఇరవై ఏళ్ళ వయసులో చిరుగు సంచుల మూట నెత్తిన పెట్టుకుని మిల్లుల చుట్టూ తిరిగేవాడు. ఒకరోజు మంచి సరుకు చవగ్గా దొరికింది, జేబులో చూస్తే చిల్లిగవ్వ లేదు. ధాన్యం వ్యాపారి జగన్నాధం గుమ్మం ముందు వెళ్ళి నిలబడ్డాడు. జగన్నాధం ఆ కుర్రాణ్ణి కిందా మీదా చూసి, పేరైనా అడక్కుండా అయిదు వేలు చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున్న తెచ్చి ఇచ్చీ. తేకపోతే మళ్ళీ నీ మొహం నాకు సూపించకు" అన్నాడు.

తెల్లారి ఏడింటికే తీసుకెళ్ళి ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి జగన్నాధం ఈయనకి మావ అయ్యాడు, ఈయన జగన్నాధానికి శంకరం అయ్యాడు. చుట్టరికం ఏమీ లేదు, అయిదు వేలే చుట్టరికం.

అలాంటి మనిషి ఇంట్లోకి ఇరవై ఎనిమిది రోజుల లెక్క ఒకటి వచ్చి పడింది.

కూతురు అనూరాధకి ఇంగ్లండులో పై చదువుకి సీటొచ్చింది. పిల్ల గట్టిది. సీటు చూసుకుని ఎగిరి గంతెయ్యలేదు, ముందు ఒక నోటుపుస్తకం కొని కూర్చుంది. గది అద్దె, బస్సు పాసు, బియ్యం, పప్పు, ఫోను, చలికోటు, జ్వరమొస్తే మందులు, అన్నీ నెలవారీగా రాసింది. భీమశంకరరావు కళ్ళజోడు పెట్టుకుని ఆ పుస్తకమంతా చదివాడు.

"బెండకాయలకి అంత పోసీకన్నా తినడం మానీడం మంచిది" అన్నాడు.

"మానీసేను నాన్నా. సూడు, కింద లెక్కలో బెండకాయ లేదు."

చూస్తే నిజంగానే లేదు. పుస్తకం మూసి జాగ్రత్తగా కూతురి చేతిలో పెట్టాడు.

అసలు చిక్కు బెండకాయల దగ్గర లేదు. మిగిలిన ఫీజూ, తొమ్మిది నెలల బతుకు ఖర్చూ కలిపి ఇరవై ఆరు లక్షలు. ఆ మొత్తం తండ్రి ఖాతాలో ఇరవై ఎనిమిది రోజులు కదలకుండా ఉండాలి. ఒక్క రోజు కూడా అంతకన్నా తగ్గకూడదు. అప్పుడే వీసా దరఖాస్తుకి పనికొస్తుంది. సంచులు కుట్టి కుట్టి కొన్న సైటు అమ్మేశాడు. అమ్మినట్టు ఊరంతటికీ తెలుసు. ఎందుకమ్మాడో మాత్రం ఎవరికీ తెలియదు. భార్య కన్యకాపరమేశ్వరి తన తల మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకుంది, వీసా ముద్ర పడేదాకా ఎవరికీ చెప్పకూడదని. కిందటేడు వెనక వీధి పిల్ల ఒకర్తి బయల్దేరుతోందని బజారంతా చాటారు. వీసా రాలేదు. తర్వాత నాలుగు నెలలపాటు ఊరు ఊరంతా ఆ ఇంటికెళ్ళి ఓదార్చి ఓదార్చి వాళ్ళ ప్రాణం తీశారు. దిష్టి కన్నా ఆ ఓదార్పులకే కన్యకాపరమేశ్వరి ఎక్కువ భయపడింది.

పదకొండో రోజున ఎరువుల కొట్టు తిరుమలరావు వచ్చాడు. "ఒక్క రాత్రి బావా, మూడు లచ్చలు" అన్నాడు. ఈయన ఇచ్చాడు. తెల్లారి తొమ్మిదింటికల్లా మూడు లక్షలూ తిరిగి ఖాతాలో పడ్డాయి. ఈయన దృష్టిలో ఏమీ జరగలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆ వారమే అనూరాధ ఖాతా చూసింది. ఫోను పట్టుకుని వంటింట్లోంచి వచ్చేటప్పటికి ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రాత్రికి ఎల్లింది, పొద్దున్నకి వచ్చీసింది. ఒక్క రూపాయి తగ్గనేదు కదమ్మా!" అన్నాడు తండ్రి.

"ఒక రాత్రి తగ్గింది నాన్నా. వాళ్ళు సూసేది ఆ ఒక్క రాత్రినే. మళ్ళీ ఒకటి నుంచి లెక్కెట్టాల."

అరిస్తే బాగుండేది. అరవలేదు. క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టింది. కొత్త లెక్క ప్రకారం ఇరవై ఎనిమిదో రోజు శుక్రవారం అవుతుంది. శనివారం దరఖాస్తు పెట్టడానికి ఆఖరి రోజు. అది దాటితే ఈ ఏటికి సీటు లేదు, కాలేజీకి ముందుగా కట్టిన మూడు లక్షలు తిరిగొస్తాయన్న నమ్మకమూ లేదు. మధ్యలో ఒక్క రోజు కూడా మిగల్లేదు.

అప్పటి నుంచి కొట్టులో ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, భీమశంకరరావు దబ్బనం కింద పెట్టేసేవాడు. అడగబోతున్నారని తెలిస్తే వెనక సంచుల గుట్టల్లోకి పోయి పురికొస వెతికేవాడు. కొట్టు క్యాలెండరు మీద రోజుకో గీత గీసుకుంటూ, కొత్త లెక్కలో ఇరవై అయిదో రోజు దాకా అలా దాక్కుని దాక్కుని గడిపాడు.

ఇరవై ఆరో రోజు, బుధవారం పన్నెండు గంటలకి, గొడుగు పట్టుకుని జగన్నాధం వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. వచ్చీ రాగానే గోనెల కట్ట మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

"శంకరం, ఓ మూడు లచ్చలు నా ఖాతాలో పడీ. రైతులకిచ్చిన సెక్కు బ్యాంకుకి వచ్చీసింది. ఆమదాలవలస మిల్లోడు ఈ రోజేస్తానన్నోడు రేపేస్తానన్నాడు. మూడున్నరకల్లా పడకపోతే సెక్కు ఎనక్కి పోతాదంట. నలభై ఏళ్ళలో నా సెక్కు ఎనక్కి తిరగనేదురా."

అడగడం కాదది, చెప్పడం. ఇక్కడ అడగాల్సిన పని ఆయనకి ఎప్పుడూ పడలేదు. భీమశంకరరావు చేతిలో దబ్బనం ఉంది, కుడుతున్న సంచి ఉంది. రెండింటినీ అలాగే పట్టుకుని అన్నాడు.

"నేదు మావా."

"ఏటన్నావు?"

"ఈ రెండు మూడు రోజులు... నేదు."

"సైటమ్మిన డబ్బులున్నాయి కదేటి?"

"అవి కదపకూడదు మావా."

"ఎందుకో?"

భీమశంకరరావు తల వంచుకున్నాడు. చెప్పేస్తే పోతుంది. ఒక్క ముక్క చాలు. కానీ భార్య తల మీద పెట్టిన చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది. జగన్నాధం గొడుగు తీసుకుని లేచాడు.

"నా సెక్కు తిరిగితే తిరగనీ. నీ నోటంట ఆ మాట ఇన్నాను సూడు, అదీ నాకు దెబ్బ" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ ముసలాయన ఎండలో గొడుగైనా విప్పకుండా నడిచిపోతుంటే భీమశంకరరావుకి తల కొట్టేసినట్టయింది. గల్లాపెట్టె తీసి చూస్తే ముప్ఫై వేలున్నాయి. అవి జేబులో పెట్టుకుని, పట్టపగలు కొట్టు షట్టరు దించేశాడు.

ముందు తిరుమలరావు ఎరువుల కొట్టుకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆయన కౌంటరుకి లోపలి వైపు నిలబడి ఇచ్చిన మనిషే గాని, బయటి వైపు నిలబడి అడిగిన మనిషి కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. విషయం అటు తిప్పి ఇటు తిప్పి చెప్పేసరికి తిరుమలరావు నోరు తెరిచాడు.

"నీకా బావా? నీకు చేబదులా?" అని, ఇంకో మాట అడగకుండా లక్ష తీసి ఇచ్చాడు. పాపం, ఆ పదకొండో రోజు తన వల్ల ఏమైందో ఆయనకి ఈనాటికీ తెలియదు.

బట్టల కొట్టు మోహనకృష్ణకి మాత్రం నోరు ఊరుకోదు. నలుగురు బేరగాళ్ళు చీరలు చూస్తుండగానే అందుకున్నాడు.

"సైటు డబ్బులు ఇరవై ఆరు లచ్చలూ బ్యాంకులో పిల్లలెడతన్నాయా బావా? వాటిని లేపకుండా మా మీద పడ్డావు!"

నలుగురూ నవ్వారు. భీమశంకరరావు కూడా నవ్వాడు, ఏడవలేక. ఎనభై వేలు ఇచ్చాడు మోహనకృష్ణ. మందుల షాపు దుర్గాభవాని యాభై ఇచ్చింది. ఇంకో రెండు కొట్ల దగ్గర వట్టి చేతులతో వెనక్కి వచ్చాడు. వాళ్ళని అనడానికి లేదు. బ్యాంకులో ఇరవై ఆరు లక్షలు పెట్టుకుని వీధిలో చెయ్యి చాపేవాణ్ణి చూస్తే ఎవరికైనా ఏదో తేడాగానే తోస్తుంది.

మూడు గంటలకి బ్యాంకు వరండాలో నిలబడి లెక్క చూసుకున్నాడు. రెండు లక్షల అరవై. ఇంకా నలభై కావాలి. అరగంటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఖాతాలో ఇరవై ఆరు మీద ఇంకో నలభై వేలు అదనంగా ఉన్నాయి. అనూరాధే ఉంచమంది. పది అడుగులు వేసి కౌంటరు దగ్గర కాగితం రాసిస్తే అయిపోతుంది. కలం కూడా తీశాడు. కానీ ఆ ఒక్క రాత్రి గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరినీ అడక్కుండా ఇచ్చిన మనిషి మొట్టమొదటిసారి కూతురికి ఫోను చేశాడు.

"అమ్మా, ఆ పైనున్న నలభై తీస్తే ఏటవుతాది?"

"ఎవరికి నాన్నా?"

అంతా చెప్పాడు. అవతల నోటుపుస్తకం కాగితాలు తిరిగిన చప్పుడు. నిమిషం గడిచింది. ఈయన గోడ గడియారం వంకే చూస్తున్నాడు.

"అది తియ్యకు" అంది చివరికి. "ఇంగ్లండు పౌను రేటు పెరిగింది. ఆ నలభైలో ముప్ఫై ఇరవై ఆరులో కలిసిపోయినట్టే. తీస్తే మనం అయిపోయేం."

భీమశంకరరావు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.

"వీసా ఫీజుకని నా ఖాతాలో వేరే ఉంచేను కదా. అందులోంచి నలభై నీకేస్తాను" అంది అనూరాధ.

"వద్దమ్మా! శనివారం నీకది..."

"అవును, శనివారం పొద్దున్న నాకు కావాల. శుక్రవారం సాయంత్రానికి తెచ్చి ఇచ్చెయ్యి. చేబదులే ఇస్తన్నాను నాన్నా, ఊరికే కాదు."

ఆ మాట విని ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. బ్యాంకులో ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోలేదు. మూడూ ఇరవై రెండుకి మూడు లక్షలూ జగన్నాధం ఖాతాలో కట్టాడు.

గురువారం తెల్లారింది. జగన్నాధం రాలేదు. పదయింది, పన్నెండయింది. తన సంగతి సరే, ఇవాళ మిల్లువాడు మళ్ళీ రేపంటే? పిల్ల వీసా ఫీజు ఎక్కడి నుంచి తెస్తాడు? చేబదులు తిరిగి రాదేమోనన్న అనుమానం బతుకులో మొదటిసారి కలిగింది. జగన్నాధం మీదే కలిగినందుకు తనని తాను తిట్టుకున్నాడు. అనూరాధ రెండుసార్లు ఫోను చేసి, ఏమీ అడక్కుండా, అన్నం తిన్నావా అని మాత్రం అడిగి పెట్టేసింది.

సాయంత్రం అయిదింటికి జగన్నాధం గుడ్డసంచితో వచ్చి ఎడంగా నిలబడ్డాడు. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

"బ్యాంకోళ్ళు సెప్పేరు కట్టింది నువ్వేనని. ఎవరెవరి దగ్గర తెచ్చేవో సెప్పు. ఎవరిది వాళ్ళకి నేనే ఇచ్చుకుంటాను."

"తిరుమలరావుది లచ్చ. మోహనకృష్ణది ఎనభై. దుర్గాభవానిది యాభై. ముప్ఫై నా గల్లాలోది."

"ఇంకా నలభై?"

"మా అమ్మాయిది."

జగన్నాధం చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. భీమశంకరరావుని చూశాడు. కొట్టులో క్యాలెండరు మీద వరసగా పడిన గీతలు చూశాడు. ఆయన చెల్లెలి మనవడు సాయికిరణ్ కిందటేడే చదువుకని దేశం దాటాడు. ఆ ఇంట్లోనూ ఇలాంటి గీతలే చూసిన మనిషి.

"ఇరవై ఎనిమిది రోజులా?" అన్నాడు మెల్లగా.

భీమశంకరరావు నోరు తెరవబోయాడు.

"సెప్పకు, సెప్పకు. పరమేశ్వరి ఒట్టేయించుకునుంటాది. ఎప్పటికి నిండతాదో అదొక్కటి సెప్పు."

"రేపటికి మావా."

జగన్నాధం గల్లా ముప్ఫై వేలు గోనెల కట్ట మీద పెట్టాడు. అమ్మాయి నలభై వేలు మాత్రం లెక్కపెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. మిగతావాళ్ళవి ఇవ్వడానికి బజారులోకి నడిచాడు.

శుక్రవారం భీమశంకరరావు కొట్టు తెరిచేటప్పటికే జగన్నాధం మెట్ల మీద ఉన్నాడు. కుర్చీ ఒకటి గుమ్మానికి అడ్డంగా వేయించుకుని కూర్చున్నాడు. పదింటికి బియ్యం కొట్టు వాళ్ళ మనిషి వచ్చాడు. "శంకరం దగ్గర నేదు, ఎల్లు" అన్నాడు జగన్నాధం. పన్నెండింటికి లారీ ఆఫీసు నుంచి ఒకడొచ్చాడు. "నేదు, ఎల్లు." అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నాడు. వచ్చినవాళ్ళు లోపలికి తొంగి చూస్తే గొడుగు అడ్డం పెట్టాడు. లోపల భీమశంకరరావు తలెత్తకుండా సంచి కుడుతున్నాడు. కుట్టినచోటే మళ్ళీ కుట్టాడు, చూపు ఆనలేదు.

బ్యాంకు మూసే వేళ దాటాక జగన్నాధం మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"ఈ రోజుకి నువ్వనాల్సినవన్నీ నేననీసేను. రేపట్నుంచి మాత్రం నీ నోటికి ఆ మాట అలవాటు సెయ్యకు శంకరం" అని గొడుగు విప్పుకుని రోడ్డెక్కాడు.